గంగోదకం – విషూచి – జీవాణుభక్షకం : ఒక చారిత్రక విమర్శ

గంగాజలం ఎన్ని సంవత్సరాలు కలశంలో ఉన్నా చెడదని, అందులో రోగకారక సూక్ష్మజీవులు బ్రతకజాలవని, ఈ సత్యాన్ని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు సైతం నూరు సంవత్సరాలకు పూర్వమే నిరూపించారని ధార్మిక సభలలో తరచుగా వినబడుతూ ఉంటుంది. నిరూపించినవానిగా చెప్పబడే శాస్త్రజ్ఞుని పేరు హాంకిన్. కారణంగా చెప్పబడే వస్తువు పేరు బాక్టీరియోఫేజ్, అనగా జీవాణుభక్షకం. ఈ రెండు పేర్లూ సత్యమైనవే. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసిన సూత్రం మాత్రం పరీక్షింపదగినది. ఆ సూత్రాన్ని నమ్మి నదీజలాన్ని కాచకుండానే పసిబిడ్డలకు, జ్వరపీడితులకు త్రాగించేవారు ఉన్నారు. అదంతా కట్టుకథ అని పరిహసించేవారూ ఉన్నారు. చరిత్ర ఈ ఇరుపక్షాలలో ఎవరికీ పూర్తిగా అనుకూలంగా లేదు.

ఎర్నెస్ట్ హాన్‌బరీ హాంకిన్ ఆంగ్లేయుడు. వాయవ్య పరగణాల ప్రభుత్వంలో రసాయన పరీక్షకునిగా ఆగ్రా నగరంలో ఉద్యోగం చేసేవాడు. ఆ కాలంలో విషూచి, అనగా కలరా, ప్రతి సంవత్సరం యాత్రాస్థలాలనూ గ్రామాలనూ పీడించేది. వేలాది జనం స్నానపానాలు చేసే నదులే ఈ వ్యాధిని దేశమంతటా వ్యాపింపజేస్తున్నవని ఐరోపా వైద్యుల దృఢాభిప్రాయం. హాంకిన్ ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టాడు. 1896లో పారిస్ పాశ్చర్ సంస్థ పత్రికలో ఫ్రెంచి భాషలో ప్రకటించిన వ్యాసంలో ఆయన చెప్పినదాని సారం ఇది: కాచని గంగాజలంలో వేసిన విషూచి క్రిములు మూడు గంటలు గడవకముందే నశించాయి. యమునాజలానిదీ అదే గుణం. అదే నీటిని కాచి వేస్తే ఆ శక్తి కనబడలేదు. బావినీటిలోనైతే ఆ క్రిములు నశించకపోగా వృద్ధి చెందాయి.

అదే సంవత్సరం భారతదేశంలో సంచరిస్తూ ఆగ్రా చేరిన అమెరికా రచయిత మార్క్ ట్వేన్ ఈ సంగతి విని, మరుసటి సంవత్సరం వెలువడిన తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. కాశీలో మురుగునీరు నదిలో కలిసే చోట నీరు ముంచి పరీక్షిస్తే ఆరు గంటలలో క్రిములన్నీ చచ్చిపోయాయని, నదిలో కొట్టుకొని పోతున్న శవం ప్రక్కన ముంచిన నీటిలోనూ అంతేనని ఆయన కథనం. గంగామహిమను గురించిన నేటి వ్యాసాలలో చాలవాటికి మూలం హాంకిన్ వ్యాసం కాదు, ట్వేన్ గ్రంథమే. హాస్యరచయిత చేతిలో పడిన శాస్త్రవార్తకు రెక్కలు మొలవడం వింత కాదు.

ఆ నీటిలో క్రిములను చంపినది ఏది? హాంకిన్ ఇక్కడ మరొక పరీక్ష చేశాడు. మూత తెరచిన పాత్రలో కాచితే నీటి శక్తి పోయింది. గాలి చొరకుండా మూసిన పాత్రలో కాచితే పోలేదు. కనుక ఆవిరిగా ఎగిరిపోయే స్వభావం గల రసాయన ద్రవ్యమేదో అందులో ఉండవచ్చునని ఆయన ఊహించాడు. జీవాణుభక్షకమన్న మాట ఆయన ఎక్కడా వాడలేదు, వాడే అవకాశమే లేదు. ఆ వస్తువు అప్పటికి ఎవరికీ తెలియదు. తరువాతి కాలపు రచయితలు, 'గంగలో విషూచి క్రిములు నశించాయి, ఫేజ్ కూడా వాటిని నశింపజేస్తుంది, కనుక హాంకిన్ చూచినది ఫేజ్‌నే' అని నిర్ణయించారు. 2011లో స్టీఫెన్ అబెడాన్ ప్రభృతులు ఆ ఫ్రెంచి వ్యాసాన్ని పూర్తిగా అనువదించి పరిశీలించి, ఈ నిర్ణయాన్ని సందేహించారు. సాధారణంగా ఫేజ్‌లు మరుగుతున్న నీటి వేడికి నిలువవు. పాత్రకు మూత ఉన్నా లేకున్నా నశించవలసినదే. మూసిన పాత్రలో నిలిచినది ఫేజ్ కాదనే అనుమానం బలపడుతుంది.

తర్కశాస్త్రం అభ్యసించినవారికి ఇందులోని దోషం సుపరిచితమే. పర్వతంపై కనిపించిన బాష్పాన్ని ధూమమని భ్రమించి అగ్నిని అనుమానించడం అసిద్ధ హేతువుకు చెప్పే ప్రసిద్ధ దృష్టాంతం. పర్వతంపై అగ్ని నిజంగా ఉండవచ్చు. అయినా ఆ అనుమానం ప్రమాణం కాదు. గంగానదిలో ఫేజ్‌లు ఉన్నాయి. అది తరువాతి పరిశోధనలలో తేలిన విషయమే. హాంకిన్ వ్యాసం దానికి సాక్ష్యం మాత్రం కాదు.

ఫేజ్‌ల ప్రత్యక్ష చరిత్ర ఐరోపాలో మొదలైంది. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్ అనే వైద్యుడు తాను పెంచుతున్న సూక్ష్మజీవుల గుంపులు కొన్ని గాజువలె పారదర్శకమై కరగిపోవడం గమనించి ప్రకటించాడు. యుద్ధకాలం; ధనాభావం; ఆయన ముందుకు పోలేకపోయాడు. ఆ సమయంలోనే పారిస్ సమీపంలో సైనికులకు రక్తగ్రహణి సోకగా, పాశ్చర్ సంస్థలో పనిచేస్తున్న ఫెలిక్స్ డెరెల్ వారి మలాన్ని అతిసూక్ష్మ రంధ్రాలు గల జల్లెడలో వడగట్టి, ఆ ద్రవాన్ని రోగక్రిములపై ప్రయోగించాడు. పాలవలె కలకబారి ఉన్న ద్రవం తేటపడింది. పలకలపై పెరిగిన క్రిముల పొరలో గుండ్రని ఖాళీ మచ్చలు ఏర్పడ్డాయి. అంతకు పూర్వమే మెక్సికోలో మిడతలకు వచ్చే వ్యాధిని పరిశీలించినప్పుడు ఇటువంటి మచ్చలను చూచినట్లు ఆయన చెప్పుకొన్నాడు. 1917లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు సమర్పించిన చిన్న లేఖలో ఆ అదృశ్య శత్రువుకు 'బాక్టీరియోఫేజ్' అని నామకరణం చేశాడు. గ్రీకు భాషలో 'ఫాగైన్' అనగా భక్షించుట.

డెరెల్‌కు క్రమమైన విశ్వవిద్యాలయ విద్య లేదు, స్వయంకృషితో శాస్త్రజ్ఞుడైనవాడు. ఆ కారణాన కొంత, ఆయన స్వభావ తీక్ష్ణత వలన మరికొంత, పండితులతో విరోధం ఆజన్మాంతం సాగింది. నోబెల్ బహుమతి పొందిన జూల్స్ బోర్డే, ఫేజ్ జీవం గల వస్తువే కాదని, సూక్ష్మజీవి నుండి పుట్టిన ఒక రసాయనమని వాదించాడు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఈ వాదం 1940 ప్రాంతంలో జర్మనీలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫేజ్ రూపాన్ని చిత్రించిన తరువాతనే సద్దుమణిగింది. శిరస్సు, పుచ్ఛం గల సూక్ష్మరూపం అది. పుచ్ఛాగ్రంతో సూక్ష్మజీవి కవచాన్ని పట్టుకొని, శిరస్సులోని జన్యుద్రవ్యాన్ని లోనికి ప్రవేశపెడుతుంది. ఆ జీవి తన యంత్రాంగమంతటితో శత్రుసంతానాన్నే నిర్మించడం ఆరంభిస్తుంది. సుమారు అరగంటలో దాని దేహం పగిలి పదులు, వందల సంఖ్యలో క్రొత్త ఫేజ్‌లు వెలువడతాయి. ఒక జాతి ఫేజ్ తనకు నియతమైన జాతిని, అందులోనూ తరచు కొన్ని ఉపజాతులను మాత్రమే పట్టుకుంటుంది. ఈ నియమమే దాని బలం, దాని బలహీనత కూడ.

1919లో పారిస్‌లోని బాలల ఆసుపత్రిలో తీవ్ర రక్తగ్రహణితో ఉన్న పన్నెండేళ్ల బాలునికి డెరెల్ తొలిసారి ఈ ఔషధం ఇచ్చాడు. ముందురోజు ఆయనా, ఆసుపత్రి ఆచార్యుడు హ్యుటినెల్, సహవైద్యులూ అదే ద్రవాన్ని త్రాగి, హాని లేదని తెలుసుకొన్న తరువాతనే బాలునికి త్రాగించారు. బాలుడు కోలుకున్నాడు. ఒక బాలుడు కోలుకోవడం సిద్ధాంతానికి చాలదు. ఇతరుని దేహంపై ప్రయోగించడానికి ముందు తన దేహంపై ప్రయోగించుకొన్న ఆ నిష్ఠ మాత్రం స్మరణీయం. 1925లో ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియాలో ప్లేగు సోకిన నలుగురు ఓడప్రయాణికులకు వారి వాపులలోకి ఫేజ్‌ను సూదితో ఎక్కించాడు; నలుగురూ బ్రతికారు. అప్పటి నుండి ఆయన కీర్తి భారత ప్రభుత్వం వరకు వచ్చింది.

1927లో డెరెల్ పంజాబ్‌లో విషూచిపై పని చేశాడు. మేజర్ మలోన్, లాహిరి ఆయన సహచరులు. రోగులకు ఫేజ్ ద్రవాన్ని త్రాగించడమే కాక, వ్యాధి సోకిన గ్రామాల బావులలో దానిని పోయించాడు. బావిలో పోసిన రెండు రోజులలో వ్యాధి ఆగినదని ఆయన నమ్మకం. పాట్నాలో ఇగోర్ అషెషోవ్ విషూచి ఫేజ్‌లను జాతులుగా విభజించి, ఏ జాతులను కలిపితే ఔషధం బలపడుతుందో పరిశోధించాడు. ఈ యత్నాలకు భారత పరిశోధన నిధి సంస్థ ధనం సమకూర్చింది. నేటి భారత వైద్య పరిశోధన మండలికి అదే పూర్వరూపం.

ఈ చరిత్రలో అస్సాం ఘట్టం విస్తరించి చెప్పదగినది. తెలుగువారిలో దీనిని విన్నవారు అరుదు. షిల్లాంగ్ పాశ్చర్ సంస్థ అధికారి మోరిసన్, 1929 ప్రాంతంలో నౌగాంగ్ ప్రాంత గ్రామాలలో విషూచి ఫేజ్‌ను గ్రామపెద్దల చేతికి ముందుగానే అందించే ఏర్పాటు చేశాడు. వ్యాధి తలయెత్తిన మరుక్షణం త్రాగించాలి. వైద్యుని కోసం ఎదురుచూడనక్కరలేదు, సూదిపోటు లేదు. టీకాకు వెనుదీసే జనం ఈ ద్రవాన్ని త్రాగడానికి వెనుదీయలేదు. పోల్చి చూడడానికి హబీగంజ్ అనే మరొక ప్రాంతాన్ని ఫేజ్ ఇవ్వకుండా విడిచిపెట్టారు. ఆ ఊరు నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. కొన్ని సంవత్సరాలు నౌగాంగ్‌లో విషూచి మరణాలు స్వల్పంగా ఉండగా, హబీగంజ్‌లో ఎప్పటివలె జనం మరణిస్తూ వచ్చారు.

ఇక్కడ ఒక ధర్మసంకటం ఉన్నది. ఫలితం కనబడుతుండగా, కేవలం లెక్క సరిచూచుకోవడం కోసం ఒక ప్రాంతపు ప్రజలకు ఔషధాన్ని నిరాకరించవచ్చునా? హబీగంజ్ వాసులకూ ఈ ప్రశ్న కలిగింది. తమకు కూడ ఇవ్వాలని వారు కోరారు. ఇచ్చిన తరువాత పోల్చడానికి ఏమీ మిగలలేదు. పైగా విషూచి స్వయంగా కొన్నేళ్లు తగ్గి, కొన్నేళ్లు విజృంభించే వ్యాధి. రెండు ప్రాంతాల నీరు, నేల, జనసమ్మర్దం సమానం కావు. కాబట్టి నౌగాంగ్‌లో మరణాలను తగ్గించినది ఫేజేనా, కాలస్వభావమా అన్నది నిస్సందేహంగా తేల్చడం సాధ్యపడలేదు. 1930 దశకం మధ్యలో ఆ ప్రయత్నం ముగిసింది. నేటికీ పండితులు దీనిని అసంపూర్ణ సాక్ష్యంగానే పరిగణిస్తారు. ప్రయోగం అసంపూర్ణమైనది కరుణ వలన అయితే దానిని తప్పుపట్టడం కష్టం.

డెరెల్ శిష్యుడు, మిత్రుడు అయిన గియోర్గి ఎలియావా జార్జియా దేశస్థుడు. ఆ దేశపు కురా నదీజలంలో విషూచి క్రిములు అదృశ్యం కావడం ఆయన స్వయంగా గమనించాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1923లో ఆయన టిబిలిసి నగరంలో స్థాపించిన సంస్థ ఫేజ్ చికిత్సకు ప్రపంచకేంద్రమైంది. డెరెల్ అక్కడికి వెళ్లి పనిచేశాడు. అక్కడ వెలువడిన తన గ్రంథాన్ని స్టాలిన్‌కు అంకితమిచ్చాడు. 1937లో ఎలియావాను ప్రజాశత్రువుగా ముద్రవేసి కాల్చి చంపారు. అంకితం పొందినవాని పాలనలోనే ఇది జరిగింది. డెరెల్ మరల ఆ దేశానికి వెళ్లలేదు. 1949లో పారిస్‌లో దివంగతుడయ్యాడు. సంస్థ మాత్రం నిలిచింది. సోవియట్ సైనికుల గాయాలకు, గ్రహణికి ఫేజ్ ఔషధాలను తయారుచేసింది. 1991 తరువాత విద్యుత్తు కూడ సరిగా లేని దుర్దినాలలో తమ ఫేజ్ భాండారాన్ని కాపాడుకొని, నేటికీ రోగులకు చికిత్స చేస్తున్నది.

పాశ్చాత్య దేశాలలో ఈ విద్య ఎందుకు అస్తమించినది అన్నదానికి సమాధానం ఒక్క మాటలో పెన్సిలిన్. ఫేజ్‌కు ముందుగా రోగి క్రిమి ఏదో గుర్తించి, దానికి తగిన ఫేజ్‌ను వెదకాలి. పెన్సిలిన్‌కు అంత శ్రమ లేదు. ఆ ఔషధయుగానికి తెలుగుగడ్డ నుండి వెళ్లిన మహనీయుని దానం కూడ ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ వంశపు ఔషధాలలో అది మొదటిది. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు: మోతాదు తక్కువగా వాడితే క్రిములు చావవు, ఆ ఔషధాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటాయి. గొంతునొప్పికి అరకొరగా పెన్సిలిన్ వాడిన ఒక కల్పిత గృహస్థు వలన అతని భార్య మరణించిన దృష్టాంతం కూడ ఆయన చెప్పాడు.

ఆ హెచ్చరికను లోకం పాటించలేదు. జలుబుకు, సామాన్య జ్వరానికి కూడ వైద్యుని అడగకుండా యాంటీబయాటిక్ మ్రింగడం, రెండు రోజులకు నెమ్మదించగానే మానివేయడం ప్రతి ఊరిలోనూ చూస్తున్నదే. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల వలన 2019లో ప్రపంచంలో సుమారు 12,70,000 మంది నేరుగా మరణించారని 2022లో ప్రకటితమైన ఒక విస్తృత గణన. నదులకూ ఈ పాపంలో భాగం పంచుతున్నాం. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ మందు మ్రింగిన రోగి రక్తంలో ఉండే పరిమాణాన్ని మించినది అది. ఆ ప్రాంతపు వాగులు మంజీరలో కలుస్తాయి. మంజీర గోదావరిలో కలుస్తుంది. పుష్కరస్నానం చేసే నదిలోనే సూక్ష్మజీవులకు ఔషధసహన విద్య నేర్పే పాఠశాల నడుపుతున్నట్లు అయింది.

ఈ స్థితిలోనే విస్మృతమైన ఫేజ్ మరల స్మరణకు వచ్చింది. 2015 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టామ్ ప్యాటర్సన్ ఈజిప్టు యాత్రలో వ్యాధిగ్రస్తుడయ్యాడు. ఉదరంలో ఏర్పడిన చీముతిత్తిలో ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని అసినెటోబాక్టర్ ఉన్నట్లు తేలింది. శాండియాగో ఆసుపత్రిలో ఆయన స్పృహ కోల్పోయి మరణముఖంలో ఉండగా, భార్య స్టెఫానీ స్ట్రాత్‌డీ ఆశ విడువలేదు. స్వయంగా వ్యాధివ్యాప్తి శాస్త్రంలో నిపుణురాలైన ఆమె పాత వ్యాసాలు చదివి, ఫేజ్ పరిశోధకులకు లేఖలు వ్రాసింది. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికా నౌకాదళ శాస్త్రజ్ఞులు ఆ క్రిమికి తగిన ఫేజ్‌లను వెదకి, శుద్ధిచేయించి పంపారు. 2016 మార్చిలో వైద్యుడు రాబర్ట్ స్కూలీ పర్యవేక్షణలో మొదట ఉదరంలోనికి, తరువాత రక్తనాళంలోనికి వాటిని ఎక్కించారు. కొన్ని రోజులలో ఆయనకు స్పృహ వచ్చింది. ఆగస్టులో ఇల్లు చేరాడు. చికిత్స మధ్యలో ఆ క్రిమి ఫేజ్‌లను కూడ తట్టుకోవడం నేర్చింది. క్రొత్త ఫేజ్‌ను వెదకి ఇవ్వవలసివచ్చింది. ఫేజ్‌తో పాటు ఒక యాంటీబయాటిక్‌నూ వాడారు. సావిత్రీ ఉపాఖ్యానం స్ఫురించే కథ ఇది. కాని దీనినే ప్రమాణంగా గ్రహించడం తగదు. కాలిన గాయాలపై ఐరోపాలో జరిగిన ఫాగోబర్న్ అనే పరీక్షలో 27 మందిపైనే ప్రయోగం ముగించవలసివచ్చింది. నిలువ ఉంచిన ఫేజ్ శక్తి క్షీణించి, రోగులకు ఉద్దేశించినదానికంటె ఎన్నో రెట్లు తక్కువ మోతాదు అందింది. సాధారణ చికిత్సయే త్వరగా ఫలించింది.

ఫేజ్‌లన్నీ హితకరాలని తలచడం కూడ పొరపాటే. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే విషూచి క్రిమి ఒక విషాన్ని స్రవిస్తుందని, ప్రాణం తీసేది ఆ విషమేనని నిరూపించాడు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువు క్రిమికి సహజమైనది కాదని, ఒక ఫేజ్ దానిని మోసుకొని వచ్చి క్రిమిలో నిలిపినదని 1996లో వాల్డర్, మెకలానోస్ ప్రకటించారు. ఒక ఫేజ్ విషూచిని భక్షిస్తుంది, మరొక ఫేజ్ దానికి విషం ఇస్తుంది. క్షీరసాగర మథనంలో హాలాహలం, అమృతం ఒకే కడలి నుండి పుట్టినవని విన్నవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఇక గంగాజలం మాట. శ్రద్ధకు, పానయోగ్యతకు ప్రమాణాలు వేరు. తీర్థత్వం శబ్దప్రమాణ విషయం. దానికి హాంకిన్ సాక్ష్యం అవసరం లేదు, అబెడాన్ సందేహం వలన దానికి హాని లేదు. త్రాగదగునా అన్నది ప్రత్యక్షానుమానాల విషయం. అక్కడ సూక్ష్మదర్శిని చెప్పినది వినవలెను. నదిలో ఫేజ్‌లు ఉండడం ఆ నీటి శుద్ధికి చిహ్నమన్నది అన్నిటికంటె ప్రమాదకరమైన భ్రమ. భక్షకం ఉన్నదంటే భక్ష్యం ఉన్నదనే అర్థం. 2005లో ఢాకాలో షా ఫరూక్ బృందం ప్రకటించిన పరిశోధన దీనిని స్పష్టం చేసింది. గంగా బ్రహ్మపుత్రలు సముద్రంలో కలిసే ఆ ప్రాంతపు జలాలలో విషూచి క్రిములు హెచ్చినప్పుడు వ్యాధి విజృంభిస్తుంది. రోగుల మలం ద్వారా క్రిములతో పాటు వాటిని చంపే ఫేజ్‌లూ నీటిలో చేరి వృద్ధి చెందుతాయి. ఫేజ్‌లు హెచ్చిన కొలది వ్యాధి తగ్గుముఖం పడుతుంది. అనగా ఫేజ్ మహమ్మారి వెనుకనే వస్తుంది, ముందు రాదు. డెరెల్ 1927లో పంజాబ్ గ్రామాలలో ఊహించినది చాలవరకు ఇదే. నేటికీ మొండి క్రిమికి తగిన ఫేజ్ కావలసిన పరిశోధకులు హిమాలయ నిర్ఝరాల కోసం పోరు. సీసా పట్టుకొని ఆసుపత్రి మురుగు కాలువ నదిలో కలిసే చోటికి వెళతారు.